పలచని పెరుగు, మొదటి సైటేషన్

లైకుకూ సైటేషనుకూ మధ్య సంబంధం ఎంతో లెక్కకట్టమని వీసీ గారు నన్ను పిలిపించిన రోజున నాకు ఒంట్లో బాగాలేదు. ఆ రోజే సెలవు చీటీ పడేసి ఇంట్లో ముసుగు తన్ని పడుకుని ఉంటే ఈ కథలో నాకు పాత్ర ఉండేది కాదు. పశువుల గురించీ పాల గురించీ చదివే విశ్వవిద్యాలయంలో నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. అలాంటి చోట నాలాంటివాడు పెళ్లింట్లో కరెంటు పనివాడితో సమానం. దీపాలు వెలుగుతున్నంతసేపూ వాడొకడున్నాడని ఎవరికీ గుర్తుండదు.

సైటేషన్ అంటే తెలియనివాళ్ల కోసం ఒక ముక్క చెప్పాలి. ఒకరు రాసిన పరిశోధన వ్యాసాన్ని ఇంకొకరు చదివి, తమ వ్యాసంలో ఫలానావారు ఇలా తేల్చారని పేరు పెట్టి ప్రస్తావిస్తే అది సైటేషన్. ఎన్ని సైటేషన్లు వస్తే ఆ పరిశోధనకు అంత విలువ. మా విశ్వవిద్యాలయానికి ర్యాంకు ఇచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఇదే. మేము ముందుగా మాట మార్చేదీ ఇక్కడే.

వీసీ గారు అప్పుడే ఏదో కొండమీది రిసార్టులో రెండు రోజుల సదస్సు ముగించుకుని వచ్చారు. అక్కడ సూటు వేసుకున్న ఒకాయన తెరమీద ఒక స్లైడు చూపించాడట. సోషల్ మీడియాలో జనం మాట్లాడుకునే పరిశోధనలకు సైటేషన్లు ఎక్కువ వస్తాయని అందులో ఉందట. వీసీ గారు దాన్ని ఫోనులో ఫోటో తీసుకొచ్చి నాకు చూపించారు. ఫోటోలో సగం స్లైడూ, మిగతా సగం వీసీ గారి బొటనవేలూ ఉన్నాయి. ఆ వేలి కింద ఏముందో తర్వాత ఇంకొకరి దగ్గర చూశాను. "కొన్ని శాస్త్రాలలో మాత్రమే, అదీ స్వల్పంగా" అని ఉంది.

నేను వారం రోజులు కూర్చుని మా విశ్వవిద్యాలయం పెట్టిన పోస్టులన్నీ, రాసిన వ్యాసాలన్నీ ముందేసుకుని లెక్కకట్టాను. మా పేజీలో అన్నిటికన్నా ఎక్కువ లైకులు వచ్చింది గెస్టుహౌసు వెనకాల కుక్క పిల్లల్ని పెట్టిన ఫోటోకి. తర్వాతి స్థానం వీసీ గారి పుట్టినరోజుది. అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లు వచ్చింది గొర్రెల కడుపులో పురుగుల మీద ఒక రిటైరైన ప్రొఫెసరు గారు రాసిన వ్యాసానికి. దానికి రెండే లైకులు. ఒకటి ఆయనది, ఇంకొకటి ఆయన భార్యది. ఆవిడ తర్వాత తీసేశారు కూడా. మొత్తమ్మీద లైకుకీ సైటేషనుకీ సంబంధం దాదాపు లేదని తేల్చి, ఒక పేజీ నివేదిక రాసి పట్టుకెళ్లాను.

వీసీ గారు దాన్ని రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"సంబంధం లేదని రాశారు. అంటే మనం ఇంకా ఏర్పాటు చెయ్యలేదన్నమాట," అన్నారు. "ఇట్ ఈజ్ ఎ గ్యాప్, మాస్టారూ. గ్యాప్ ఉన్నచోట పాలసీ ఉండాలి."

మర్నాడు ఆర్డరు వచ్చేసింది. ఇందుమూలముగా సమస్త బోధన సిబ్బందికి తెలియజేయడమేమనగా అని మొదలై, విశ్వవిద్యాలయ పరిశోధనకు ప్రజాదరణ కల్పించు నిమిత్తము ప్రతి వ్యాసమునకు ఒక రీలు విధిగా జతపరచవలెనని, వెయ్యి లైకులను ఒక భావి సైటేషన్‌గా పరిగణించెదరని, ప్రమోషన్లు ఇకమీదట భావి సైటేషన్ల ప్రాతిపదికన జరుగునని అందులో ఉంది. భావి సైటేషన్ అంటే ఇంకా రాలేదు గానీ వచ్చే ఉద్దేశంలో ఉన్నది. ఈ పదాన్ని వీసీ గారే స్వయంగా కనిపెట్టారు. ఆయన పేరుమీద ఉన్న ఏకైక ఆవిష్కరణ ఇదేనని గిట్టనివాళ్లు అంటారు. నేనూ అంటాను.

ఆ తర్వాత మా క్యాంపస్ చూడాలి. కోళ్ల విభాగం హెడ్డు గారు అరవై దగ్గరపడ్డ పెద్దమనిషి. ఆయన చంకలో ఒక పుంజును పెట్టుకుని, దాని చేతే దాణా ఫలితాలు చెప్పిస్తున్నట్టుగా గొంతు మార్చి మాట్లాడేవారు. పశువైద్య విభాగంలో ఇద్దరు అసిస్టెంట్ ప్రొఫెసర్లు గాలికుంటు వ్యాధి మీద డాన్సు కట్టారు. ఎవరి రీలుకి ఎవరు లైకు కొట్టారో ఖచ్చితంగా గుర్తుపెట్టుకునేవారు. అచ్చం పెళ్లిలో చదివింపుల్లాగే. కీటకశాస్త్రం వాళ్లు మాకు నలభై చదివించారు కాబట్టి వాళ్ల ఈగ రీలు వచ్చినప్పుడు మనం నలభైకి తగ్గకూడదని మా హెడ్డు గారు స్టాఫ్ మీటింగులో మరీ మరీ చెప్పారు. పదిహేను మందిమే ఉన్నామని నేనంటే, ఇంట్లోవాళ్ల ఫోన్లు లేవా అని కోప్పడ్డారు.

ఈ గోలలో చిక్కుకున్న మనిషి డాక్టర్ బొడ్డేపల్లి హైమావతి. డెయిరీ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసరు, శ్రీకాకుళం పిల్ల. చేసే పని మీద తప్ప ఇంకో ధ్యాస ఉండదు. డెయిరీల్లో యంత్రాల రొద వల్ల పెరుగు తోడుకోవడంలో తేడా వస్తుందా అని ఆమెకు అనుమానం వచ్చింది. ఒక గిన్నె పాలు రేడియో పక్కనా, ఇంకో గిన్నె పాలు నిశ్శబ్దంగా ఉన్న మూలా పెట్టి తోడేసి చూసింది. రేడియో పక్కన పాలు తొందరగా, గట్టిగా తోడుకున్నాయి. కారణం తెలియదు, ఇంకా పరిశోధించాలి అని చివర్లో రాసి ఓ చిన్న పత్రికకు పంపింది. వాళ్లు వేసుకున్నారు.

రీలు చెయ్యడం ఆమెకు చేతకాలేదు. ఆ పని ప్రచార విభాగంలో ఉన్న కమలాకర్ మీద పడింది. కమలాకర్ ఇక్కడికి రాకముందు విజయనగరంలో బట్టల కొట్లకు ప్రకటనలు చేసేవాడు. అతను వ్యాసం పేరు మాత్రం చదివాడు. రేడియోలో వచ్చేవి మాటలే కదా, మాటలంటే ఆప్యాయతే కదా అనుకున్నాడు. చీర కట్టుకున్న ఒక అమ్మాయి పాలగిన్నె ముందు కూర్చుని "బంగారం, గట్టిగా తోడుకోరా నాన్నా" అంటుంటే, వెనకాల వీణ మోగుతూ, కింద అక్షరాలు పరిగెత్తాయి. పాలతో ప్రేమగా మాట్లాడితే పెరుగు గడ్డలా తోడుకుంటుందని మా శాస్త్రవేత్తలు కనుగొన్నారని ఆ అక్షరాల సారాంశం.

ఆ వారంలో నలభై లక్షల మంది చూశారు. మా అత్తగారు కాకినాడ నుంచి ఫోన్ చేసి, నువ్వు పనిచేసే చోటే కదా, ముందే ఒక మాట చెప్పకూడదా అని నిష్టూరమాడింది. అపార్టుమెంట్లలో రాత్రి వంటిళ్లు సర్దాక ఆడవాళ్లూ మగవాళ్లూ గిన్నెల మీదికి వంగి గుసగుసలాడుతున్నారని పేపర్లో వచ్చింది. భర్త తనతో ఇలా ఏనాడూ మాట్లాడలేదని ఒకావిడ పుట్టింటికి వెళ్లిపోయిందని కూడా విన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు.

హైమావతి తలపట్టుకుంది. నేనిలా రాయలేదు సార్ అని ప్రతివాళ్లకీ చెప్పుకుంది. వీసీ గారు మాత్రం పొంగిపోయారు. పరిశోధన ఫలితాలు ముందు మన ఇంట్లోనే అమలు కావాలని హాస్టల్ మెస్సుల్లో పాలు తోడుపెట్టేటప్పుడు వంటవాళ్లు పది నిమిషాలు ఆప్యాయంగా సంభాషించాలని ఆర్డరు వేశారు. ఆ సంభాషణ ఎలా ఉండాలో తేల్చడానికి ఒక ఉపసంఘం పెట్టారు. పాలను నువ్వు అనాలా మీరు అనాలా అన్న దగ్గర ఉపసంఘం రెండుగా చీలిపోయింది. చివరికి గేదె పాలను నువ్వు అని, ఆవు పాలను మీరు అని పిలవాలని రాజీ కుదిరింది. రెండూ కలిసిన ప్యాకెట్ పాల విషయం వచ్చే సమావేశానికి వాయిదా వేశారు.

ఒక్కటే లోటు. ఎన్ని లక్షల మంది చూసినా హైమావతి వ్యాసానికి సైటేషన్ ఒక్కటీ రాలేదు. వీసీ గారు ప్రతి సోమవారం నన్ను పిలిచి, భావి సైటేషన్లు ఎప్పటికి వర్తమానంలోకి వస్తాయని అడిగేవారు. ర్యాంకు ఇచ్చే బృందం వచ్చే రోజు దగ్గరపడుతోంది. నేను తెలియదండీ అని లేచి వచ్చేసేవాణ్ణి.

ఇలా ఉండగా అబ్బాయిల హాస్టల్లో పెరుగు పలచగా ఉందని కుర్రాళ్లు ప్లేట్లు వాయించారు. ఆ హాస్టల్లో పెరుగు ఎప్పుడూ పలచగానే ఉంటుంది. కాంట్రాక్టరు పోసే పాలల్లో నీళ్లెన్నో చెప్పడానికి డెయిరీ సైన్సు చదవక్కర్లేదు. కానీ ఇప్పుడు విషయం వేరు. విశ్వవిద్యాలయం స్వయంగా కనిపెట్టిన పద్ధతిలో తోడుపెట్టిన పెరుగు పలచగా ఉందంటే శాస్త్రమైనా తప్పయి ఉండాలి, వంటవాడైనా తప్పు చేసి ఉండాలి. శాస్త్రానికి నలభై లక్షల మంది మద్దతు ఉంది. వంటవాడు సింహాద్రి ఒక్కడు.

సింహాద్రి ఔట్‌సోర్సింగ్ మనిషి. ఇరవై ఏళ్లుగా అదే పొయ్యి దగ్గర ఉన్నాడు. తీసేస్తే అడిగే దిక్కులేదు. అతనికి ఛార్జిమెమో ఇచ్చారు. పైన సూచిక, అంటే రిఫరెన్సు, అన్నచోట డాక్టర్ హైమావతి వ్యాసం పేరు, పత్రిక పేరు, పేజీ నంబర్లతో సహా వేసి, సదరు పరిశోధనలో నిరూపితమైన ఆప్యాయతను పాలయందు తగు మోతాదులో కనబరచనందున అతనిపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెనని రాశారు. విచారణ పూర్తయ్యేదాకా పనిలోకి రావద్దన్నారు.

విచారణ సంఘంలో నన్నూ వేశారు. ఆప్యాయతను కొలవాలంటే స్టాటిస్టిక్స్ వాడుండాలని వీసీ గారి ఉద్దేశం. సింహాద్రి తలపాగా తీసి చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. పాలతో ఏం మాట్లాడావని సంఘం అధ్యక్షులు అడిగారు.

"నానేటి మాటాడతానండి బాబూ. తోడుకోవే తల్లీ అనేసినాను."

ఏ గొంతుతో అన్నావో అనిచూపించమన్నారు. అనిచూపించాడు. ఆ గొంతులో ఆప్యాయత కన్నా అలసట ఎక్కువ ఉందని ఒక సభ్యుడు అభిప్రాయపడ్డారు. సింహాద్రికి ఒళ్లు మండింది.

"ఆటిల్లో నీళ్లే గదండి ఎక్కువ. నీళ్లతోటి ఎంత ముద్దుగా మాటాడినా నీళ్లేనండి."

నీళ్ల విషయం తమ పరిధిలోకి రాదని అధ్యక్షులు చెప్పారు. ముద్దాయి పాలను వాటి మొహం మీదే నీళ్లని సంబోధించినట్టు అంగీకరించాడు అని మినిట్స్‌లో రాయించారు. నేను నా అసమ్మతి రాస్తానన్నాను. దానికి కాలమ్ లేదన్నారు.

మెమోలో తన వ్యాసం పేరు చూసి హైమావతి గతుక్కుమంది. ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదని మర్నాడు నాతో చెప్పింది. మళ్లీ మొదటినుంచీ ప్రయోగం చేస్తానంది. ఈసారి ల్యాబులో రేడియో ఒకచోట, గిన్నెలు ఒకచోట మార్చి మార్చి పెట్టింది. నాలుగు రోజుల తర్వాత నా గదికి వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. మొహం పాలిపోయి ఉంది.

జరిగింది ఇది. ఆ ల్యాబు మొత్తానికి పనిచేసే ప్లగ్గు ఒక్కటే. రేడియో పెట్టాలంటే ఆ ప్లగ్గు దగ్గరే పెట్టాలి. ఆ ప్లగ్గు పక్కనే ఫ్రిజ్ తాలూకు పాత స్టెబిలైజరు ఉంది. అది రాత్రీపగలూ కాలే పెనంలా ఉంటుంది. రేడియో పక్కన గిన్నెకు మాటలు కాదు, వెచ్చదనం అందింది. రేడియో ఆపేసి స్టెబిలైజరు పక్కన పెట్టినా పెరుగు గట్టిగానే తోడుకుంది. రేడియోను దూరంగా పెట్టి ఎంతసేపు మోగించినా పాలు పాలలాగే ఉన్నాయి.

"తప్పు నాదే మాస్టారూ. ఈ వ్యాసం వెనక్కి తీసుకుంటాను. లేకపోతే నేను చేసిన తప్పుకి ఆ బాబాయ్ పొయ్యి ఆరిపోద్ది," అంది.

తప్పు చేశానని తనంత తానుగా చెప్పే మనిషిని మా క్యాంపస్‌లో నేను చూడటం అదే మొదలు. చాలా సంతోషమేసింది. ఇద్దరం కలిసి వీసీ గారి దగ్గరికి వెళ్లాం.

ఆయన అంతా ఓపిగ్గా విన్నారు. కాఫీ తెప్పించారు. తర్వాత రిజిస్ట్రారు గారిని పిలిచి రూలు ఏముందో చూడమన్నారు. రూలు లేదు. ఉన్నట్టుండి అక్కడికక్కడే ఒకటి తయారైంది. నలభై లక్షల మంది మెచ్చిన విషయాన్ని ఒక్క మనిషి తప్పనడం అప్రజాస్వామికమని వీసీ గారన్నారు. కనుక తప్పు దిద్దుకోవాలనుకునేవారు తమ సవరణను కూడా రీలుగా పెట్టాలి. దానికి మూల వ్యాసం రీలు కన్నా ఎక్కువ ఆదరణ వచ్చినప్పుడే సవరణ చెల్లుతుంది.

హైమావతి ఇంటికెళ్లి తెల్లచీర కట్టుకుని కెమెరా ముందు కూర్చుని, స్టెబిలైజరు ఉష్ణోగ్రత గ్రాఫు పట్టుకుని, జరిగిన పొరపాటును నిదానంగా, స్పష్టంగా, పన్నెండు నిమిషాలు వివరించింది. నేను అంత మంచి పాఠం ఈ మధ్య వినలేదు. మొత్తం మీద పాతికమంది కూడా చూడలేదు. కింద ఒకావిడ చీర ఎక్కడ కొన్నారండీ అని అడిగింది. హైమావతి పిన్ని మాత్రం కంగ్రాచ్యులేషన్స్ రా తల్లీ అని రాసింది.

కమలాకర్ జాలిపడ్డాడు. మనిషి మంచివాడే. నిజాన్ని అలా ఖాళీ చేతులతో పంపితే ఎవరు రానిస్తారు మేడమ్ అన్నాడు. రంగు దీపాలు పెట్టాడు. స్టెబిలైజరుకి కళ్లూ మీసాలూ అతికించాడు. లాభం లేకపోయింది. ఈలోగా సింహాద్రి విచారణ తుది దశకు వచ్చింది. సంఘం అధ్యక్షులు తొలగింపు ఉత్తర్వు చిత్తుప్రతి కూడా రాసేశారు.

అప్పుడు హైమావతికి తిక్కరేగింది. ప్రేమగా మాట్లాడితే తోడుకుంటుందని కదా వీళ్ల నమ్మకం, తిట్టినా తోడుకుంటుందని చూపిస్తే సరి అనుకుంది. కెమెరా ముందు రెండు గిన్నెలు పెట్టింది. దూరంగా మూల ఉన్న గిన్నెను బుజ్జగించింది. స్టెబిలైజరు పక్కన గిన్నెను తిట్టడం మొదలెట్టింది. తిట్లు ఆమెకు వాళ్ల నాయనమ్మ దగ్గర వచ్చాయి. ఆవిడ శ్రీకాకుళం చేపల బజారులో సగం బజారును నోటితోనే అదుపులో పెట్టిన మనిషి.

"నీ మొకం మండా, ఎన్నాళ్లే ఇలాగ నీళ్లలాగ జారిపోతావు? గడ్డకట్టీ నాకు కనబడకపోతే సూడు. ఒకడి కూడు తీసీసి కులుకుతన్నావా? లైకులు గావాలా నీకు, లైకులు?"

ఆ చివరి మాటలు పాలను ఉద్దేశించినవి కావని నాకూ అనుమానమే. ఆరు నిమిషాలు ఒక్క మాట రెండోసారి రాకుండా తిట్టింది. తోడుకునే వేళకి మళ్లీ కెమెరా పెట్టి రెండు గిన్నెలూ వంచి చూపించింది. తిట్టిన గిన్నెలో పెరుగు కదల్లేదు. బుజ్జగించిన గిన్నెలో పాలు పాలలాగే ఉన్నాయి. ఊపిరి తీసుకుని, తేడా మాటల్లో లేదు, ఈ వేడిపెట్టెలో ఉంది, నా వ్యాసం తప్పు అని విప్పిచెప్పింది.

ఆ రీలు చూసినవాళ్లు కోటి దాటారు. రాష్ట్రంలో ప్రతి ఆఫీసులోనూ ఎవరో ఒకరు తమ పైఅధికారి ఫోటో పక్కన ఆ తిట్లు పెట్టుకుని మురిసిపోయారు. కోడళ్లు పంపుకున్నారు, అల్లుళ్లు పంపుకున్నారు. చివరి నిమిషం దాకా చూసినవాళ్లు ఎందరో నేను లెక్క తీశాను. ఆ అంకె చెప్పడం నాకు ఇష్టం లేదు. జనం తెల్లారేసరికి తేల్చుకున్నది ఒక్కటే, ప్రేమగా మాట్లాడితే పాలు నెత్తికెక్కుతాయి, తిడితేనే మాట వింటాయి అని. వీసీ గారు వెంటనే పాత ఆర్డరుకు సవరణ వేశారు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆప్యాయ సంభాషణ, మంగళ, గురు, శనివారాల్లో పరుష సంభాషణ. ఆదివారం పాలకు సెలవు. లేడీస్ హాస్టల్లో వంటచేసే ఒకామె శుక్రవారం నాడు పొరపాటున తిట్టినందుకు సంజాయిషీ అడిగారు.

ఏమైతేనేం, సవరణకు ఎక్కువ లైకులు వచ్చాయి. రూలు ప్రకారం హైమావతి గెలిచింది. మళ్లీ ఇద్దరం వీసీ గారి దగ్గరికి వెళ్లాం. ఈసారి ఆయన గదిలో స్వీటు డబ్బాలు ఉన్నాయి. రిజిస్ట్రారు గారు నన్ను కావిలించుకున్నారు. ఏమిటండీ అంటే, వచ్చిందయ్యా, మొదటి సైటేషన్ వచ్చింది అన్నారు.

హైమావతి వ్యాసానికి నిజంగానే ఒక సైటేషన్ నమోదై ఉంది. ఎవరు ప్రస్తావించారా అని ఆత్రంగా తెరిచి చూశాను. అది సింహాద్రికి ఇచ్చిన ఛార్జిమెమో. మా ఆఫీసు ప్రతి కాగితాన్నీ వెబ్‌సైటులో పెడుతుంది. సైటేషన్లు లెక్కపెట్టే సాఫ్ట్‌వేర్ ఎక్కడో కూర్చుని మెమో పైభాగాన, సూచికలో, వ్యాసం పేరూ పేజీ నంబర్లూ చూసి, ఇదేదో కొత్త పరిశోధన కాబోలనుకుంది. రచయితల జాబితాలో మెమో మీద సంతకం చేసిన రిజిస్ట్రారు గారి పేరు వేసింది. ఆయన కావిలింతకు కారణం అప్పటికి అర్థమైంది.

"చూశారా మాస్టారూ? సంబంధం లేదన్నారు," అన్నారు వీసీ గారు నాకేసి చూసి. "అటెన్షన్ వచ్చింది, దాని వెంట సైటేషన్ వచ్చింది. సున్నా నుంచి ఒకటి. దీన్ని శాతంలో ఎలా చెప్పాలి?"

సున్నాతో దేన్నీ భాగించకూడదని చెప్పబోయి ఊరుకున్నాను. హైమావతి తన దరఖాస్తు బల్లమీద పెట్టింది. వ్యాసం రద్దు చెయ్యండి, దాని మీద ఆధారపడ్డ మెమో రద్దు చెయ్యండి, సింహాద్రిని పనిలోకి తీసుకోండి అని అందులో మూడు వాక్యాలున్నాయి.

గది ఒక్కసారిగా చల్లబడింది. మెమో రద్దుచేస్తే వెబ్‌సైటులోంచి పోతుంది. వెబ్‌సైటులోంచి పోతే సైటేషన్ పోతుంది. ర్యాంకు బృందం గురువారం వస్తోంది. వ్యాసమంటారా, సైటేషన్ ఉన్న వ్యాసాన్ని ఎవరైనా రద్దు చేసుకుంటారా అని రిజిస్ట్రారు గారు నొచ్చుకున్నారు. ఒక వ్యక్తి ఉపాధి కన్నా సంస్థాగత ప్రయోజనం విశాలమైనదని వీసీ గారు బాధగానే చెప్పారు. సింహాద్రి సేవలను సంస్థ ఎన్నటికీ మరువదని, అతని తొలగింపు ఉత్తర్వులో కూడా వ్యాసం పేరు వేసి రెండో సైటేషన్ తెచ్చుకోవచ్చని సూచించారు.

అలాంటి చోట అరవగలిగిన మనిషిని కాను నేను. హైమావతి కూడా అరవలేదు. తిట్లన్నీ ఆ రీలులో ఖర్చయిపోయాయి కాబోలు. కాసేపు దరఖాస్తు కేసి చూసి, మెల్లగా అడిగింది.

"సార్, మీకు మెమో ఉండాలి. అంతే గదా. సింహాద్రి పేరే ఉండాలని లేదు గదా?"

వాళ్లకు అర్థం కాలేదు.

"ఆ మెమో నాకివ్వండి."

రిజిస్ట్రారు గారు కాగితం తీసి ఆలోచించారు. అదే నంబరు, అదే తేదీ, అదే సూచిక. పేరు ఒక్కటి మారుతుంది. అభియోగం ఏమని రాయాలన్నది ప్రశ్న. విశ్వవిద్యాలయానికి కీర్తి తెచ్చిన పరిశోధనను సదరు పరిశోధకురాలే బహిరంగంగా కించపరచినందున అని వీసీ గారు నిమిషంలో చెప్పేశారు. ఈ మెమో ఉన్నంతకాలం ఆమె ప్రమోషన్ ఫైలు కదలదని కూడా గుర్తుచేశారు. తెలుసండీ అంది. వీసీ గారు నాకేసి తిరిగి, సైటేషన్ కౌంటు తగ్గదు కదా అని అడిగారు. ఒకటి తీసేసి ఒకటి పెడితే ఒకటేనండీ అన్నాను. నా సర్వీసు మొత్తంలో ఆయన ఒప్పుకున్న గణాంకం అదొక్కటే.

సింహాద్రి మర్నాడే పొయ్యి వెలిగించాడు.

మెమోకు జవాబివ్వడానికి హైమావతికి వారం గడువిచ్చారు. ఆమె ఆ సాయంత్రమే ఒక పేజీ రాసింది. ఆ పేజీని ఆఫీసువాళ్లు వెబ్‌సైటులో పెట్టారు. సాఫ్ట్‌వేర్ దాన్ని రెండో సైటేషన్‌గా రాసుకుంది. నూటికి నూరు శాతం వృద్ధి అని వీసీ గారు ర్యాంకు బృందానికి బోర్డు మీద గీసి చూపించారు. వాళ్లు రాసుకుని, భోంచేసి, వెళ్లిపోయారు. మెమోలో ఇంత మహిమ ఉందని తెలిశాక మిగతా విభాగాలు ఊరుకుంటాయా? కోళ్ల విభాగం హెడ్డు గారు కీటకశాస్త్రం హెడ్డు గారికి ఐదు మెమోలు ఇప్పించారు. వాళ్లు తిరిగి ఆరు ఇప్పించారు. ఇప్పుడు మా క్యాంపస్‌లో ఇద్దరు ఎదురుపడితే మెమో అందిందా అండీ అని మర్యాదగా పలకరించుకుంటున్నారు. నాకు ఇంతవరకు ఒక్కటీ రాలేదు. మా హెడ్డు గారికి అది పెద్ద బెంగగా ఉంది.

ర్యాంకు బృందం వెళ్లిన రోజు మధ్యాహ్నం నేను హైమావతి ల్యాబులో ఉండగా సింహాద్రి స్టీలు గిన్నెలో పెరుగు పట్టుకుని వచ్చాడు. ఇంటిదట, హాస్టల్‌ది కాదట. గిన్నె బల్లమీద పెట్టి, తన మూలాన ఆమె ఏదో కాగితం రాసివ్వాల్సి వచ్చిందట గదా, అందులో ఏముందో చదివి వినిపించమని అడిగాడు. హైమావతి తీసి చదివింది. పాలకు మాటలు తెలియవని, తన ల్యాబులో తేడా వచ్చింది స్టెబిలైజరు వేడి వల్లనని, ఆ విషయం ముందే చూసుకోకపోవడం తన పొరపాటని, దానివల్ల నిర్దోషి అయిన ఒక మనిషికి కష్టం వచ్చిందని, అందుకు క్షమించమని అందులో ఉంది. సింహాద్రి మధ్యలో కదలకుండా చివరి అక్షరం దాకా విన్నాడు.

"ఇంత సులువుగా ఉంది గదమ్మా," అన్నాడు. "మరి ఈ ముక్క అందరికీ సెప్పీసుంటే అయిపోను గదా?"

హైమావతి కాగితం మడిచింది.

"చెప్పాను బాబాయ్. కోటి మంది చూశారు."